మా మామ దోసకాయ బంతి

మొన్న ఆదివారం పొద్దున మా ఇంట్లో టీవీ ముందు పెద్ద రగడ జరిగింది. మనవడు ఒకవైపు, మనవరాలు ఒకవైపు. తెర మీద తలలకు గట్టి టోపీలు, భుజాలకు దిండ్లు కట్టుకున్న మనుషులు ఒకరినొకరు గుద్దుకుని పడుతున్నారు. అది అమెరికావాళ్ళ ఫుట్‌బాల్ అట. పేరులో కాలు ఉంది గాని ఆటలో కాలికి పెద్ద పని కనపడలేదు. కాసేపు పరిగెత్తుతారు, చాలాసేపు నిలబడి మాట్లాడుకుంటారు, మా వీధిలో మునిసిపాలిటీ పనిలాగా. మనవడు ఏదో నొక్కి రగ్బీ పెట్టాడు. "దిండ్లు లేకుండా గుద్దుకుంటున్నారు చూడు, గట్టి ఆటంటే ఇదీ" అన్నాడు. "గట్టిదైతే ఏంటి, ప్రపంచమంతా ఆడేది మామూలు ఫుట్‌బాలే" అంది ఆ పిల్ల. ఆస్ట్రేలియావాళ్ళదని మరొకటి ఉందట, ఒకడి భుజాల మీదికి ఇంకొకడు ఎగబాకి బంతి అందుకునేది. అదీ చూపించారు. చివరికి తీర్పు కోసం నా వైపు తిరిగారు. తిరగడం మర్యాదకే, తాతకేం తెలుస్తుందిలే అన్నది ఇద్దరి ముఖాల్లోనూ ఉంది. "మీ ఇద్దరివీ రెండూ ఆడినవాణ్ణి నేను, ఒకే పూట, ఒకే బురదలో" అన్నాను. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నాకు కోపమేమీ రాలేదు గాని, ఆ మాట నోట్లోంచి వచ్చాక మధ్యాహ్నం కునుకు పట్టలేదు.

మాది ఎమ్మిగనూరు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, మా తాలూకాను బళ్ళారి జిల్లా నుంచి తీసి కర్నూలు జిల్లాలో కలిపిన కొత్త రోజులవి. మా పేటలో మగ్గం లేని ఇల్లు లేదు. నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్ళు వేలాడేసి కూచుని, కింద ఉన్న తొక్కుడు చెక్కలను ఒక కాలు మార్చి ఒక కాలితో తొక్కుతూ నేసేవాళ్ళం. పొద్దున దిగితే మళ్ళీ జొన్నరొట్టె వేళకే పైకి లేవడం. చూసేవాళ్ళకు నేత అంటే చేతుల పని అనిపిస్తుంది, సగం పని కాళ్ళది. ఈ సంగతిని మా నాయన అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు చీరెల మూట మోసుకుని బళ్ళారి దండు బజారుకు పోతే, అక్కడ తెల్ల సోల్జర్లు ఫుట్‌బాల్ ఆడుతున్నారట. నెత్తిన మూట దించడం కూడా మరిచిపోయి చూశాడట. "చెయ్యి తగలకూడదంట, అంతా కాళ్ళతోనేనంట! నేతగానికోసరమే పుట్టిన ఆటప్పా ఇది" అనేవాడు మాతో.

తర్వాత ఎప్పుడో అదే బజారు నుంచి ఒక తోలు బంతి తెచ్చాడు. దానికి గాలి కొట్టడం ఒక యజ్ఞం. లోపలి రబ్బరు తిత్తిని సైకిలు పంపుతో ఉబ్బించి, మూతి మడిచి దారంతో కట్టి, పైన తోలును తాడుతో బిగించాలి. ఆ దారం కూడా ఏదిబడితే అది పనికిరాదు, గంజి పట్టించిన పడుగు నూలే కావాలి. వానాకాలం మగ్గం గుంటల్లో నీరూరి నేత ఆగిపోతే, పేటలోని మగవాళ్ళందర్నీ పోగేసి ఊరి బయటికి తోలుకుపోయి ఆడించేవాడు. నాకు మీసాలు వచ్చి సొంత మగ్గం మీద కూచునేనాటికి నేనూ ఆ జట్టులో ఎడమ పక్క ఆడేవాణ్ణి. బూట్లనేవి ఎవరికీ లేవు. నాయన దృష్టిలో బూటు వేసుకుని బంతి తన్నడం చేతికి గుడ్డ చుట్టుకుని అన్నం తిన్నట్టు.

మా మామ, అంటే అమ్మకు అన్న, ఆదోనిలో ఉండేవాడు. వాళ్ళదీ మొదట మగ్గం ఇల్లే. ఏదో కరువులో మగ్గం మూలపడితే మా తాత ఆదోని చేరి పత్తి ప్రెస్సులో హమాలీగా కుదిరాడు. అమ్మా మామా ఇద్దరూ ఆ హమాలీల వీధిలో, దూది ఎగిరే గాలిలోనే పెరిగారు. యుద్ధం వచ్చినప్పుడు మామ పటాలంలో చేరి ఈజిప్టూ ఇటలీ తిరిగి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక ట్రంకు పెట్టె, ఒక జత బూట్లు, కోలగా ఉన్న ఒక తోలు బంతి తెచ్చాడు. ట్రంకు పెట్టెలో ఏముందని ఎవరూ అడగలేదట గాని బంతిని చూడటానికి వీధి వీధంతా వచ్చిందట. చూసినవాళ్ళంతా దాన్ని దోసకాయ బంతి అన్నారు. మామకు ఆ పేరు గిట్టేది కాదు. న్యూజిలాండు సోల్జర్లతో కలిసి ఇసకలో ఆ ఆట ఆడాననీ, గోడలాంటి మనిషినొకణ్ణి కింద పడగొట్టినప్పుడే తన ముక్కు వంకరపోయిందనీ చెప్పేవాడు. ముక్కు వంకర నిజమే. చిన్నప్పుడు చింతచెట్టు మీద నుంచి పడ్డాడని అమ్మ నాకు చెవిలో చెప్పింది. పటాలం నుంచి వచ్చాక మామ ఆ ప్రెస్సులోనే గేటు జమేదారు అయ్యాడు. పని వేళ కాగానే హమాలీలను వెనక బయల్లో నిలబెట్టి ఆ ఆట నేర్పేవాడు. బరువులు మోసి మోసి గట్టిపడిన భుజాలు వాళ్ళవి, ఆట వాళ్ళకు బాగానే ఒప్పింది.

మా వైపు నాగుల పంచమి ఆడబిడ్డల పండగ. శ్రావణమాసం మొదట్లో అన్నో తమ్ముడో స్వయంగా అత్తవారింటికి వచ్చి, గడప దాటి లోపలికి వచ్చి, బొరుగులూ బెల్లమూ ఒడిలో పోసి "ఇంటికి పోదాం రా" అని పిలవాలి. ఆ పిలుపు లేకుండా ఆడబిడ్డ తనంత తాను పుట్టింటికి పోదు. పిలుపు వచ్చినవాళ్ళు పుట్టింట ఉయ్యాలలూగుతారు, నువ్వుల ఉండలు చేస్తారు, పుట్టలో పాలు పోసి మిగిలిన నాలుగు చుక్కలూ అన్నదమ్ముల వీపుకు రాసి చల్లగా ఉండమంటారు. మామ ఏ ఏడూ తప్పేవాడు కాదు. అమ్మతో పాటు మా అందర్నీ వెంటబెట్టుకుని పోయేవాడు. అట్లా పోయిన ఒక పంచమి నాడే, భోజనాల దగ్గర, ఈ గొడవ పుట్టింది.

మొదలుపెట్టింది నాయనే, నవ్వుతూనే. "బంతిని సంకలో పెట్టుకోని పారిపోయేదాన్ని ఆటంటారా బావా? దొంగతనం గదా అది."

"మీదేమన్నా ఆటనా?" అన్నాడు మామ. "చెయ్యి తగిల్తే తప్పు, బుజం తగిల్తే తప్పు. మనిషిని మనిషి ముట్టుకోకండా ఆడేది మగోళ్ళ ఆటెట్లయితాది?"

"లోకమంతా ఆడేది మాదే. ఆ హొళగుందలో పిల్లోళ్ళు పేలికలు సుట్టి తంతాండారు. నీ బంతిని నువ్వు, నీ గేటు లోపలోళ్ళు తప్ప ఇంగెవురన్నా ముట్టినారా?"

"లోకమంతా గంజి తాగుతాది. అట్లని గంజి గట్టిదైతాదా?"

నేతగాని ముందు గంజిని మాట అనకూడదు. పడుగుకు బలం వచ్చేదే గంజితో. నాయన ముఖం ఎర్రబడింది. అక్కడి నుంచి మాట మీద మాట. ఒకరి ఆట పిరికివాళ్ళదయింది, ఇంకొకరి ఆట గొడ్లదయింది. మామ కంచం తోసి లేచి, "నా ఆట గట్టిదని పదిమందిలో నీ నోటితో నువ్వు ఒప్పుకునేదంకా నీ గడప తొక్కను" అన్నాడు. "నువ్వొచ్చి పిలిచేదంకా మేమూ నీ గడప తొక్కం" అన్నాడు నాయన. అమ్మ చేతిలో నెయ్యి గిన్నె పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. ఆ సాయంత్రమే బస్సెక్కి ఊరికి వచ్చేశాం.

కోపాలు వారం పది రోజుల్లో దిగిపోతాయనుకున్నాం. దిగే ఉంటాయి కూడా. మిగిలింది ఒట్టు. దాన్ని ముందు ఎవరు తీస్తారన్న దగ్గర ఇద్దరూ మొండికేశారు. తర్వాతి ఏడు పంచమికి మామ రాలేదు. పేటలోని ఆడవాళ్ళు ఒక్కొక్కరే అన్నల వెంట, తమ్ముళ్ళ వెంట మూట చంకన పెట్టుకుని పోతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి అందర్నీ పలకరించి పంపించింది. నువ్వుల ఉండలు మామూలుగానే చేసింది. పుట్టకు పాలు పోసి వచ్చి, అడుగున మిగిలిన చుక్కలున్న చెంబును చేతిలో పట్టుకుని చాలాసేపు అట్లాగే నిలబడింది. తర్వాత ఆ పాలు పిల్లికి పోసింది. నాకు నాయన మీదా మామ మీదా ఒకేసారి మండిపోయింది. బంతి గుండ్రంగా ఉంటేనేం, కోలగా ఉంటేనేం?

ఆపై ఏడు శ్రావణం దగ్గర పడుతుండగా ప్రెస్సులోని ముసలి హమాలీ మేస్త్రీ మా ఇంటికి వచ్చాడు. కోసిగి వైపు మనిషి, అమ్మను చిన్నపిల్లప్పుడు ఎత్తుకున్నవాడు. ఆయనే ఒక దారి చెప్పాడు. ఆదోనికీ ఎమ్మిగనూరికీ పందెం. మొదట మామ ఆట, తర్వాత నాయన ఆట, ఒకే పూట. రెండిట్లో కలిపి ఎవరు ఎక్కువసార్లు గీత దాటిస్తే వాళ్ళది గెలుపు. ఆదోని గెలిస్తే నాయన పదిమందిలో "నీ ఆటే గట్టిది" అనాలి, మామ ఒట్టు తీరి వచ్చి పిలుస్తాడు. ఎమ్మిగనూరు గెలిస్తే మామ ఒట్టు గట్టున పెట్టి వచ్చి పిలవాలి. అంటే ఏది జరిగినా అమ్మకు పిలుపు వస్తుంది. తేలకపోతేనే రాదు. ఇద్దరూ ఒప్పుకున్నారు. మేస్త్రీ పోయాక అమ్మ నాతో అంది, "ఎవురన్నా గెలవండప్పా. తేలితే సాలు."

నూలు కోసం ఆదోనికి పోయే లారీ మీద ఎక్కాం మేమంతా. అమ్మ రొట్టెలూ పచ్చడీ మూటగట్టి, ఆడేవాళ్ళకు తిండి పెట్టడానికని డ్రైవరు పక్కన కూచుంది. ప్రెస్సు వెనక బయలు దగ్గర లారీ ఆగింది. అక్కడికి నాలుగు సందులు దాటితే ఆమె పుట్టిల్లు. లారీలోంచే రొట్టెలు అందించింది గాని కిందికి దిగలేదు. "పిలవని ఊర్లో కాలు పెట్టను" అంది. మామ దూరం నుంచి లారీ వైపు ఒకసారి చూసి ముఖం తిప్పుకుని, ముగ్గు పిండితో గీతలు గీయడంలో పడిపోయాడు. అంతకుముందు రోజే వాన కురిసింది. రేగడి నేల, అడుగేస్తే కాలికి ఒక ముద్ద, ఇంకో అడుగేస్తే ఇంకో ముద్ద. మామ పటాలం బూట్లు వేసుకుని, మెడలో ఈల వేలాడేసుకుని వచ్చాడు. తన ఆట నియమాలు తనొక్కడికే తెలుసు కాబట్టి ఆడేదీ ఆయనే, ఈల ఊదేదీ ఆయనే. మేం అది తప్పని అనుకోలేదు.

మొదట మామ ఆట. దోసకాయ బంతి నా చేతికి వచ్చింది. ఏం చేయాలో తోచక అలవాటు కొద్దీ కింద పెట్టి తన్నాను. అది తిన్నగా పోదు కదా, పక్కకు ఎగిరి మా నాయన మోకాటికే తగిలింది. ఇంతలో ఒక హమాలీ వచ్చి నన్ను నడుము దగ్గర పట్టుకుని, బస్తాను దించినంత సులువుగా నేల మీదికి దించాడు. నా మీద ఇంకొకడు, వాడి మీద ఇంకొకడు. నా పని అయిపోయిందనుకున్నాను. అంతలోనే ఎవరో "ఎత్తప్పా!" అని అరిచారు. నా మీదున్నవాళ్ళంతా చటుక్కున లేచారు. అటువైపు పరిగెత్తుతున్నవాళ్ళు కూడా వెనక్కి వచ్చి నన్ను చంకల కింద పట్టి లేపి, వీపు దులిపి, "ఏమన్నా తగిలినాదా అప్పా?" అని అడిగారు. బంతి బురదలో ఒంటరిగా ఉండిపోయింది.

ప్రెస్సులో వాళ్ళ కట్టడి అది. బరువుతో చెక్క మీద నడిచేవాడు జారి మూట కింద పడితే, చూసినవాడు "ఎత్తప్పా" అని అరవాలి. విన్నవాడు ఎవడైనా సరే, చేతిలో పని వదిలేసి వచ్చి ముందు బరువు తీయాలి. పడినవాడితో పొద్దునే జుట్టూ జుట్టూ పట్టుకుని ఉన్నా సరే, ముందు బరువు తీయాలి. పుట్టి పెరిగిన అలవాటు, ఆటలో మాత్రం ఎట్లా పోతుంది? వాళ్ళలో వాళ్ళు ఆడుకునేటప్పుడూ అంతేనట, మామ ఎంత మొత్తుకున్నా మానలేదట. మనిషి కింద పడటం, అరుపు, అందరూ ఆగడం. "ఆటరా అది, పత్తి మూట కాదు!" అని మామ ఈల నోట్లోంచి తీసి అరుస్తున్నాడు. ఆ పూట ఆ ఆటలో ఇటు గీత గాని అటు గీత గాని ఎవరూ దాటలేదు.

తర్వాత నాయన ఆట. ఇక మాదే రాజ్యం అనుకున్నాం. గుండ్రటి బంతి మా కాళ్ళకు చెప్పినట్టు వినేది, అయితే రేగడి మా కాళ్ళ మాట వినలేదు. నేను బంతితో గోలు దాకా పోయాను. అడ్డం వచ్చిన హమాలీ జారి వెల్లకిలా పడ్డాడు. ఎదురుగా ఖాళీ. తన్నడమే తరువాయి. "ఎత్తప్పా!" అన్నారు. గోలు దగ్గర నిలబడ్డవాడితో సహా అందరూ ఆ పడినవాడి దగ్గరికి పోయారు. నేనొక్కణ్ణే బంతి దగ్గర నిలబడి ఉన్నాను. ఎవరూ లేని గోలులోకి తన్నడానికి నాకు కాలు రాలేదు. తన్నవచ్చు కదా అని నాయన కూడా అనలేదు. ఆయన కూడా అప్పటికి ఆ పడినవాడి మడమ పట్టుకుని చూస్తున్నాడు.

రెండు ఆటలూ అయిపోయాయి. మేస్త్రీ గొంతు సవరించుకుని, "రొండూ సమానమే. ఎవురూ గెలవల్యా, ఎవురూ ఓడల్యా. ఇంగ సాలించండి" అన్నాడు. పెద్దమనిషి తీర్పు, పాపం మంచి మాటే. అయినా అందులో పిలుపు లేదు. నేను లారీ వైపు చూశాను. అమ్మ రొట్టెల గుడ్డ మడతపెడుతోంది, మడిచిందే మళ్ళీ విప్పి మడుస్తోంది.

సమానం అన్న మాట మామకు తిట్టులా తగిలింది. "నా ఆట నా ఆటలాగా ఎవురూ ఆడందే!" అన్నాడు. "ఒక్క తూరి. ఒకే ఒక్క తూరి నేను బంతి తీసుకోని వస్తా, పట్టండి సూద్దాం. ఈసారి ఎవుడన్నా ఎత్తినాడంటే రేపు వాణ్ణి గేటు లోపలికి రానియ్యను." హమాలీలు తలలు వంచుకున్నారు. నాయన మా దగ్గరికి వచ్చి, "పట్టుకుంటే మటుకు ఇడ్సొద్దండి. ఈల ఊదినాకనే ఇడ్సల్ల" అని చెప్పాడు. అది ఆ ఆట నియమమని ఆయన అనుకున్నాడు.

మామ దోసకాయ బంతిని రొమ్ముకు అదుముకుని బయలుదేరాడు. నిజం చెప్పాలంటే చూడముచ్చటగా ఉన్నాడు. ఆ వయసులో, ఆ బురదలో, ఒకణ్ణి భుజంతో, ఒకణ్ణి తుంటితో తోసుకుంటూ వస్తుంటే ఇసకలో ఆడానన్నది అబద్ధం కాదని అప్పుడు నమ్మాను. నాయన ఎదురుపోయి నడుము పట్టాడు. నేను భుజం పట్టి లాగాను. మామ బోర్లా పడ్డాడు. బంతి ఆయన రొమ్ము కింద ఉండిపోయింది. దాని మీద మామ, మామ మీద నాయన, నాయన మీద మా పేట జట్టంతా. మగ్గం తొక్కే కాళ్ళతో మావాళ్ళు నేలను తన్నిపెట్టి అదుముతున్నారు. ఈల ఊదితే గాని వదలరు. ఈల మామ మెడ కింద బురదలో ఉంది.

పక్కకు తిరిగి ఉన్న మామ ముఖానికి నా ముఖం దగ్గరగా ఉంది. ఆయన నోరు తెరుచుకుంది, మాట రాలేదు. కళ్ళు పెద్దవయ్యాయి. వదలండి అని నేను అరిచాను గాని నా నోరు నాయన పంచెలో కూరుకుపోయి ఉంది. నాయనకు పైబరువు వల్ల కదలడానికే లేదు. హమాలీలు చుట్టూ నిలబడి చూస్తున్నారు. ఒకడి చేయి ముందుకు వచ్చి మళ్ళీ వెనక్కి పోవడం కాళ్ళ సందులోంచి నాకు కనిపించింది. గేటు సంగతి చెప్పింది ఆయనే మరి. నేను అంతకు ముందూ తర్వాతా చాలా భయాలు చూశాను. అంత భయం ఎన్నడూ పడలేదు.

"ఎత్తప్పా!"

ఆడగొంతు. ఆ వీధిలో పుట్టి పెరిగిన గొంతు. కళ్ళు తెరిచేసరికి అమ్మ లారీ దిగి, చీరె మోకాళ్ళ దాకా ఎగదోపుకుని, బురదలో పరిగెత్తి వస్తోంది. "సూస్తారేమప్పా, ఎత్తండి!" ఇక హమాలీలను ఎవరు ఆపగలరు? మావాళ్ళను రెక్కలు పట్టి ఒక్కొక్కరినే తీసి పక్కన పెట్టారు. మామను వెల్లకిలా తిప్పారు. అమ్మ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కొంగుతో నోట్లో బురద తీసింది. కాసేపటికి పెద్ద శబ్దంతో ఊపిరి వచ్చింది. పక్కటెముకల దగ్గర చేయి వేస్తే కేక పెట్టాడు.

మాట రాగానే మామ అడిగిన మొదటి మాట, "ఎత్తమనింది ఎవురు?"

"నేనేన్నా."

"నిన్నెవురు పిలిచిరి?"

ఏళ్ళ తరబడి గేటు దగ్గర అందర్నీ అడిగి అడిగి నాలుకకు అంటుకుపోయిన ప్రశ్న అది. అనుకుని అన్నది కాదు. అన్నాక ఆయన ముఖమే చెప్పింది. అమ్మ కొంగు పిండుకుంటూ నెమ్మదిగా, "ఎవురూ పిలవల్యా. అన్న సస్తాంటే సూస్తా కూసుండల్లంటే నా సేత కాల్యా" అంది. ఆయన తలను జాగ్రత్తగా మేస్త్రీ ఒళ్ళోకి మార్చి లేచింది.

నాయన బురదలో మోకాళ్ళ మీద ఉన్నాడు. "గట్టి ఆటే బావా నీది. అందరి ముందరా ఒప్పుకుంటాండా" అన్నాడు.

"ఇప్పుడెవురడిగినారప్పా" అన్నాడు మామ కళ్ళు మూసుకుని. తర్వాత తల తిప్పి, "ఇంటికి పోదాం పామ్మా" అన్నాడు అమ్మతో.

అంతా అయిపోయింది, అమ్మ సందులు దాటి పుట్టింటికి పోతుందనుకున్నాం. అమ్మ లారీ మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది. "బురదలో పండుకోని పిలిచేది పిలుపా అన్నా?" అంది. ఎక్కి కూచుంది. దారి పొడుగునా అమ్మ ఏడుస్తూనే ఉందని తర్వాత లారీ డ్రైవరు చెప్పాడు.

పంచమికి కొద్ది రోజులే ఉంది. మామ పక్కటెముక విరిగిందనీ, మంచం దిగడం లేదనీ కబురు వచ్చింది. అమ్మ నువ్వులు వేయించింది, బెల్లం దంచింది, గుమ్మం వైపు మాత్రం చూడలేదు. "నువ్వు ఆ మాట అనకుండా ఉంటే పోయేది గదే" అని నాయన ఒకసారి గొణిగాడు. "అంటి గదా, ఇంగేం" అంది అమ్మ.

పండగ ముందు రోజు మధ్యాహ్నం ఆదోని బస్సులో మామ దిగాడు. రొమ్ము చుట్టూ పంచె గట్టిగా బిగించి కట్టుకున్నాడు. ఒక చేతిలో బొరుగుల సంచి, ఇంకో చేయి పక్కను అదుముకుని ఉంది. ఆ గుంతల రోడ్డు మీద బస్సు ఆయన్ని ఎంత కుదిపి ఉంటుందో ముఖం చూస్తే తెలుస్తోంది. గడప బయట ఆగిపోయాడు. బూట్లతో లోపలికి రాలేడు. వంగి బూట్లు విప్పుకోలేడు. ఒకసారి వంగబోయి, పళ్ళు బిగబట్టి గోడ పట్టుకున్నాడు. నేను లేచేలోగా నాయన మగ్గం గుంటలోంచి పైకి వచ్చాడు. గడప మీద గొంతుకూచుని బావ బూటు లేసులు పట్టుకున్నాడు. తడిసి బిగుసుకుపోయిన ముళ్ళు, గోటితో ఒక్కొక్కటే విప్పుతున్నాడు.

"వద్దు బావా, నువ్వు ముట్టుకోవద్దు" అన్నాడు మామ.

"ఊరికుండు. కాళ్ళ సంగతి నాకిడ్సిపెట్టు" అన్నాడు నాయన తల ఎత్తకుండా.

మామ ఒట్టి కాళ్ళతో గడప దాటి లోపలికి వచ్చాడు. అమ్మ అప్పుడు లేచింది పొయ్యి దగ్గర నుంచి. ఆయన వంగలేడని కొంగును రొమ్ము దాకా ఎత్తి పట్టుకుంది. మామ అందులో బొరుగులు పోశాడు. బెల్లం అచ్చు పెట్టాడు. "పంచమొచ్చె. ఇంటికి పోదాం రామ్మా" అన్నాడు. ఆ నాలుగు మాటలూ అనేసరికి ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. ఎముక నొప్పి అని తర్వాత చెప్పుకున్నాడు. "వస్తాన్లే అన్నా. ముందు కూసోని నీళ్ళు తాగు" అంది అమ్మ.

సాయంత్రం బస్సులో అందరం ఆదోనికి పోయాం. బస్సు ఊరు దాటకముందే నాయనా మామా మళ్ళీ మొదలుపెట్టారు. గట్టిదైతే నలుగురూ ఎందుకు ఆడరని ఈయన, నలుగురూ ఆడితే గట్టితనం యాడుంటాదని ఆయన. అమ్మ కిటికీ పక్కన కూచుని, ఒడిలోని బొరుగులు కొంచెం కొంచెంగా నోట్లో వేసుకుంటూ నవ్వుతోంది.

వాళ్ళు ముగ్గురూ పోయి చాలా కాలమైంది. ఆ తర్వాత మామ పిలుపు తప్పిన పంచమి ఒక్కటీ లేదు, ఆయన నడవలేని రోజుల్లో కొడుకు భుజం పట్టుకుని కూడా వచ్చాడు. కలిసి గడిపిన ఆ పంచమిలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, ఏది ఏ ఏటిదో ఇప్పుడు చెప్పలేను. రాకుండా పోయిన ఆ ఒక్కటి మాత్రం, ఇన్నేళ్ళ తర్వాత కూడా, విడిగా గుర్తుంది.